చద్ది ప్రశ్న

పోయిన శనివారం సెంటరు మీటింగులో, కాలం చేసిన మేష్టారి కోసం రెండు నిమిషాలు లేచి నిలబడ్డాం. చుట్టుపక్కల ఊళ్ళ ఎలిమెంటరీ స్కూలు టీచర్లందరం నెలకోసారి ఏదో ఒక బళ్ళో చేరతాం. ఒకరు మాదిరి పాఠం చెబితే తక్కినవాళ్ళం దాని మంచిచెడ్డలు మాట్లాడుకుంటాం. అదీ సెంటరు మీటింగంటే. మౌనం ముగిసి కూర్చుంటుండగా నా పక్కనున్న మాస్టారు, "ఇకనుంచి మీటింగులు తొందరగా తెమిలిపోతయిలే" అన్నాడు. చెడ్డ ఉద్దేశంతో అన్నమాట కాదది. నేనూ నవ్వాను. తర్వాత బూందీ పొట్లం చేతికిస్తే విప్పబుద్ధి కాలేదు.

మాట మాత్రం నిజమే. మా మాచర్ల వైపు ఎక్కడ మీటింగు జరిగినా ఆలస్యానికి కారణం ఆయనే. మాదిరి పాఠం అయిపోయి, అందరూ బాగుంది బాగుంది అనుకుని, టీ గ్లాసుల చప్పుడు మొదలయ్యే వేళకి వెనక గోడ దగ్గర్నుంచి ఒక దగ్గు వినిపించేది. 

"ఒక్క ప్రశ్న. చద్దిది. పోయిన నెల మాదిరి పాఠం దేని మీద?"

నేల చూపులు చూసేవాళ్ళం. ఆ పాఠం చెప్పినావిడ మా మధ్యనే కూర్చుని ఉండేది. ఆవిడక్కూడా చప్పున గుర్తొచ్చేది కాదు.

"మనకే గుర్తు లేదు. పిల్లలకి ఉంటదా?" అని ఆయన తాపీగా కూర్చునేవారు. ఇక టీ చల్లారినట్టే.

పాఠం చెప్పిన వెంటనే అడిగే ప్రశ్న మీద ఆయనకి నమ్మకం లేదు. "అది వేడన్నమమ్మా, ఎవడికైనా రుచే. తెల్లారి అడుగు. పదిరోజులు పోయాక అడుగు. అప్పుడు కూడా పిల్లోడి నోటికి అందితే, ఆ చదువు వాడిది. అందలేదా, నువ్వు చెప్పలేదు." అందుకని ఆయన బళ్ళో పొద్దున ప్రార్థన కాగానే కొత్త పాఠం మొదలయ్యేది కాదు. నిన్నటివి, పోయిన వారానివి, ఒక్కోసారి ఎండాకాలం సెలవులకి ముందువి అడిగేవారు. వాటికి ఆయన పెట్టిన పేరు చద్ది ప్రశ్నలు. ఆయనకి మేం పెట్టిన పేరు చద్ది మేష్టారు. ఆ పేరు ఆయనకి తెలుసు. పిలిస్తే పలికేవారు కూడా.

అందరు మేష్టర్లకీ సుద్దపొడి చేతులకీ, చొక్కా ముందువైపుకీ అంటుకుంటుంది. ఆయనకి వీపంతా సున్నం. తరగతిలో ఎప్పుడూ వెనక గోడకి ఆనుకుని నిలబడి ఉండటం వల్ల వచ్చిన సున్నం అది. పాఠం బోర్డు దగ్గర మొదలుపెట్టి, సగంలో చకచకా వెనక్కి నడిచి, "ఒరేయ్, తిరగండి" అనేవారు. చాపల మీద కూర్చున్న పిల్లలంతా గిర్రున తిరిగేవాళ్ళు. చివరి వరస కాస్తా మొదటి వరస అయ్యేది. అప్పటిదాకా గోడ చాటున గోళ్ళు కొరుక్కుంటున్నవాళ్ళు మేష్టారి మోకాళ్ళ దగ్గర తేలేవాళ్ళు. మొదట్లో చూసినప్పుడు ఇదేం కోతి వేషమనుకున్నాను.

ఆయన బళ్ళో ఒక మాట అనకూడదు. 'మొద్దు' అనే మాట. ఆయన బడికి మారిన కొత్తలో ఒకసారి నేను ఒక పిల్లవాణ్ణి ఆ మాటంటే ఆయన నన్ను తిట్టలేదు. తన కుర్చీని మోసుకొచ్చి నా ముందు పెట్టారు. "చూడమ్మాయ్, మన బళ్ళో మొద్దు ఇదొక్కటే. దీని మీద కూర్చున్నోడిక్కూడా ఆ గుణం అంటుద్దని నేను కూర్చోను" అన్నారు. నిజంగానే ఆయన కుర్చీలో కూర్చోగా ఎవరూ చూడలేదు. దాని మీద మంచినీళ్ళ కుండ ఉండేది.

పాస్టరుగారితో తగువు సంగతి ఊరంతా చెప్పుకునేది. ఆదివారం ప్రసంగం సగంలో ఉండగా మేష్టారు లేచి చెప్పులేసుకుని వెళ్ళిపోయేవారు. ఒకరోజు పాస్టరుగారు పట్టుకుని నిలదీశారు. మేష్టారు చేతులు కట్టుకుని, "తప్పేనయ్యగారూ. అయితే పోయిన ఆదివారం మీరేం చెప్పారో ఈ వచ్చినవాళ్ళలో ఒక్కరిని అడగండి. చెబితే నేను ఆఖరి ఆశీర్వాదం దాకా కూర్చుంటా" అన్నారు. పాస్టరుగారు ఎవరినీ అడగలేదు. మేష్టారు సగంలో లేచి వెళ్ళడం మానలేదు. ఎక్కడికి పోయేవారో తర్వాత చెబుతాను.

ఇంకొకటి. ఎవరైనా వయసుకుర్రాడు ఎదురై నమస్కారం పెడితే ఆయన చూపు మొహం మీదకి పోయేది కాదు. ఎడమచేతి బొటనవేలి మీదకి పోయేది. అక్కడ నీలం మరక కనపడితే ఆ పూట ముద్ద దిగేది కాదని వాళ్ళావిడ, మేమందరం పిన్నీ అని పిలిచే మనిషి, నాతో చెప్పింది. "ఎవుడో వేలిముద్దర వేస్తే ఈయనకి అన్నం సయించదేందే?" అని ఆవిడ గోల.

ఆ గోల ఏమిటో నాకు తెలిసిన రోజు నా జన్మలో నేను అన్నిటికంటే ఎక్కువ ఏడ్చిన రోజు కూడా.

అది నా ఉద్యోగం మొదటి ఏడాది. నాది వాళ్ళ పక్క ఊరి బడి. ఆ నెల మీటింగు మా బళ్ళో, మాదిరి పాఠం నాది, పైగా డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారని కబురు. వారం రోజులు పిల్లల్ని రుద్దాను. రంగుల పటం గీశాను. మన ప్రాంతం అనే పాఠం. ఏ ప్రశ్నకి ఎవరు జవాబు చెప్పాలో కూర్చున్న వరసలోనే పంచేశాను. మొదటివాడిది గుంటూరు, రెండోవాడిది పల్నాడు, మూడో పిల్లది కృష్ణ. అలా పంచుకుంటూ పోతే చివరి వరసకి నాగులేరు, చంద్రవంక వాగులు పోగా, చివరన కూర్చున్న మరియమ్మకి ఎత్తిపోతల జలపాతం వచ్చింది.

పాఠం పూలదండ గుచ్చినట్టు సాగింది. అడగడమే తరువాయి, జవాబు. ఇన్‌స్పెక్టరుగారు "భేష్" అన్నారు. నేను గాల్లో ఉన్నాను. అప్పుడు వినపడింది దగ్గు.

"అయ్యా, తమరి సెలవైతే నేనూ అవే ప్రశ్నలు అడుగుతా. కొత్తవి వద్దు" అని ఆయన వెనక్కి నడిచారు. "ఒరేయ్, తిరగండి."

నా పిల్లలు అమాయకంగా తిరిగారు.

"మన జిల్లా పేరేందమ్మా?"

మరియమ్మ లేచి, చేతులు కట్టుకుని, "ఎత్తిపోతల" అంది.

"మన తాలూకా?"

దాని పక్కవాడు, "చంద్రవంక" అన్నాడు.

"మన ఉత్తరాన పారే పెద్ద నది?"

"నాగులేరు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు. మరియమ్మ దగ్గర గొంతుక్కూర్చుని, "తల్లీ, నువ్వు ఎత్తిపోతల చూశావా?" అన్నారు.

"చూశానండి. మా మేనత్తోళ్ళది ఆ పక్కనేనండి. నీళ్ళు పైనుంచి దబదబా పడతయ్యండి."

"మరి జిల్లా అన్నావే?"

"టీచరమ్మ నాకదే ఇచ్చిందండి."

గది మొత్తం గొల్లుమంది. ఇన్‌స్పెక్టరుగారు కూడా రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. మీటింగు అయ్యాక బడి వెనక నాపరాతి అరుగు మీద కూర్చుని ఏడుస్తుంటే ఆయన వచ్చి కాస్త దూరంగా కూర్చున్నారు.

"కక్షతో అడిగాననుకుంటున్నావా అమ్మాయ్?"

"మరింకేందండీ? అందరి ముందరా నన్ను బజారుకీడ్చారు."

"నిన్ను కాదమ్మా. ఆ పిల్లకి ఎత్తిపోతలంటే ఏందో తెలుసు, కళ్ళారా చూసింది. దాని నోట తప్పు పలికించింది మనం. నువ్వు వారం రోజులు చేశావు. నేను ఏళ్ళ తరబడి చేశా" అని, ఆయన తన బొటనవేలు చూసుకుంటూ చెప్పారు.

సాగర్ డ్యాము పని మొదలైన కొత్తలో ఆయన ఐదో తరగతి పిల్లల్ని చూపించడానికి తీసుకెళ్ళారట. ఆరోజు కూలీలకి వారం కూలి పంచే బట్వాడా. హాజరు పట్టీ పట్టుకున్న మస్టరు గుమాస్తా ముందు పెద్ద వరస. ఆ వరసలో యేసోబు కనిపించాడు. ఒకప్పుడు ఈయన బళ్ళో ఫస్టు వచ్చినవాడు, ఇన్‌స్పెక్షన్ వస్తే మొట్టమొదట లేపిన కుర్రాడు. ఐదుతో చదువు ఆపి రాళ్ళు మోయడానికి వచ్చాడు. ఈయనకి గర్వం ఆగలేదు. పిల్లలందర్నీ దగ్గరికి పిలిచి, "చూడండ్రా, ఈ అన్న మన బడే. ఎంత గుండ్రంగా సంతకం పెడతాడో చూడండి" అన్నారు. యేసోబు ఒకసారి ఈయన వంక చూశాడు. వెనక్కి తిరిగి చూశాడు. ఇంకు పాడ్ మీద ఎడమ బొటనవేలు అద్ది, కాగితం మీద నొక్కాడు.

"పిల్లలు నా మొహం చూశారు. నేను ఎటు చూడాల?" అన్నారు మేష్టారు. "ఐదేళ్ళు నా దగ్గర కూర్చున్నాడమ్మా. అడిగిందానికల్లా చెప్పాడు. ఎందుకు చెప్పడూ? నేను చెప్పిన నిమిషంలోనే అడిగా గదా. ఫస్టు వచ్చినోడికే చేతికి ఏమీ మిగలకపోతే తక్కినోళ్ళ గతేంది? ఆ రాత్రి తలుచుకుంటే ఒక్కో మొహమే కళ్ళ ముందుకొచ్చింది. అందరికీ పాస్ వేశా."

అప్పట్నుంచే చద్ది ప్రశ్నలు. అప్పట్నుంచే తిరగండ్రా. ఆదివారం ప్రసంగం సగంలో లేచి వెళ్ళడం కూడా అప్పట్నుంచే. మాచర్ల పోయి లారీ పట్టుకుని డ్యాము దగ్గర కూలీల గుడిసెలకి పోయేవారు. యేసోబుని, వాడితోపాటు తన బళ్ళో చదివిన మరి కొందర్ని కూర్చోబెట్టుకుని పలకల మీద దిద్దించేవారు. "నేను పోయేలోపు వాడి వేలికి ఆ ఇంకు వదలాలమ్మా. వాడు నా ముందు సంతకం పెట్టాల. అంతకంటే నాకేం వద్దు" అనేవారు. ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో. విని విని విసుక్కున్నాను కూడా. మనిషి ఒక తప్పుని అంతకాలం చంకనేసుకు తిరగడం చుట్టూ ఉన్నవాళ్ళకి కష్టం. మనకీ ఒకటి అంటగడతాడేమోనని భయం.

అంటగట్టారు. మరుసటి ఏడు నన్ను ఆయన బడికే మార్చారు. ఒక ఆదివారం నన్నూ వెంటబెట్టుకెళ్ళారు.

రేకుల పంచ కింద నలుగురు మగవాళ్ళు. రాళ్ళు మోసి మోసి చేతులు కాయలు కాచి ఉన్నాయి. ఆ వేళ్ళ మధ్య బలపం అగ్గిపుల్లలా కనిపించింది. మేష్టారు ఒక్కొక్కరి వెనకా చేరి భుజం మీదుగా చూసేవారు. రాసింది తుడిచేయించి, కాసేపు ఊరి కబుర్లాడి, మళ్ళీ రాయించేవారు. రాయలేకపోతే, "నాదే తప్పు. ఇంకోరకంగా చెప్తా" అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆ మగవాళ్ళు సిగ్గుపడేవాళ్ళు. "ఊరుకోండి సార్, మా బుర్రలే మట్టిబుర్రలు" అనేవాళ్ళు.

నేను యేసోబునే గమనించాను. ఎంత పేరు విన్నానని. తీరా చూస్తే అందరికంటే వెనక వాడే. పక్కవాళ్ళు రాసేదాకా బలపం పట్టుకుని దిక్కులు చూసేవాడు. వాళ్ళు పూర్తిచేశాక అప్పుడు వంగి నాలుగు గీతలు గీసేవాడు. వాళ్ళెక్కడ తప్పు చేస్తే వాడూ అక్కడే తప్పు. ఎదుటివాడి పలక చూసి దించుతున్నాడని నాకు తేలిగ్గా అర్థమైంది. మేష్టారు అనకూడదన్న మాటని మనసులో అనుకున్నాను. పైకి అనలేదు కాబట్టి తప్పు లేదనుకున్నాను.

కొన్నేళ్ళకి అతనితో ఉన్నవాళ్ళకి రాయడం వచ్చింది. ఇద్దరు ధీమాగా సంతకం పెట్టారు. మూడోవాడు సగం పేరు రాసి చుక్క పెట్టేవాడు. అందరి తర్వాత యేసోబు పెట్టాడు. ఆ సాయంత్రం మేష్టారు బడికొచ్చి చెప్పారు. సంతోషంగా ఉంటారనుకున్నాను.

"పెట్టాడమ్మా. పెట్టాడు. అయితే ఒకటి చెప్పు. ఫస్టు వచ్చినోడికి ఇన్నేళ్ళు పట్టిందంటే నేను వాణ్ణి ఎంత పాడుచేసి ఉంటా?" అని కుండ దించి ఆ కుర్చీలో కూలబడ్డారు. ఆయన కుర్చీలో కూర్చోవడం నేనొక్కదాన్నే చూశాను. 

ఈ వానల్లో జ్వరం వచ్చింది. మాచర్ల ఆసుపత్రిలో చేర్చారు. చూడ్డానికి వెళితే, "పిల్లల్ని సోమవారం పాఠం ఏందో అడిగావా?" అన్నారు. అడిగానని అబద్ధం చెప్పాను. మళ్ళీ ఆయన్ని చూసింది పెట్టెలోనే.

సమాధుల దొడ్లో అందరం పిడికెడు మన్ను వేసి వస్తున్నాం. తుమ్మచెట్టు కింద యేసోబు ఒక్కడే నిలబడి ఉన్నాడు. తల నెరిసింది. నన్ను చూసి తలగుడ్డ తీశాడు.

"టీచరమ్మా, సారు ఆఖర్న నా గురించి ఏమన్నా అన్నాడా?"

"నీ గురించే కదయ్యా ఆయన బతుకంతా అన్నాడు. నీకు చదువు చెప్పలేకపోయాననే దిగులుతోనే పోయాడు."

అనకుండా ఉండాల్సింది. అతను చెట్టు మొదట్లో కూర్చుండిపోయాడు. 

"నాకు చదువొచ్చు టీచరమ్మా" అన్నాడు చివరికి. "ఎప్పుడూ వచ్చు. సారు చెప్పింది ఒక్క ముక్క కూడా పోలా."

నాకు అర్థం కాలేదు. ఆయన బతికుంటే అడగాల్సిన చద్ది ప్రశ్నని నేను అడిగాను. "మరి ఆనాడు వేలిముద్ర ఎందుకేశావు?"

"నా ముందు ఉన్నోళ్ళు మనోళ్ళే. నా యెనకాల ఉన్నోడూ మనోడే. అందరం సారు దగ్గర ఒక చాప మీద కూర్చున్నోళ్ళమే. ఆళ్ళకి రాదు. నిజంగానే రాదు. ఆళ్ళు ముద్దరేసి పక్కన నిలబడితే నేనొక్కణ్ణి గుండ్రంగా సంతకం పెడితే ఎట్టా ఉంటది? ఆ పసిపిల్లల ముందర ఆళ్ళ మొహాలు ఏం గావాల?"

"తర్వాతన్నా చెప్పకపోతివా? ఆయన నీ కోసం ఎంత ఏడ్చాడో తెలుసా?"

"చెబుదామని ఆ పూటే నోరు తెరిచా. ఆయన నా చెయ్యి పట్టుకుని, ఫస్టు వచ్చిన నీకే రాకపోతే ఎట్టారా అన్నాడు. అప్పుడు చూశా. నా ముందోళ్ళు ముద్దరలేస్తంటే సారు అసలు చూడనే లేదు టీచరమ్మా. ఆయన కళ్ళు నా మీదే ఉండయ్. నాకొచ్చు సార్ అన్నాననుకో, ఊపిరి పీల్చుకుని పిల్లల్ని తోలుకుని ఇంటికి పోయేవాడు. ఆళ్ళ సంగతి అడిగే నాథుడెవడు? నాకు రాదనుకున్నాడు గాబట్టి వచ్చాడు. ప్రతి ఆదివారం వచ్చాడు. ఆళ్ళ దాకా వచ్చాడు."

తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

"ఆళ్ళకి వచ్చినాక చెబుదామనుకున్నా. అప్పటికి చానా కాలమైపోయింది. ఇన్నాళ్ళు ఆడించావురా అంటాడేమోనని భయం. ఆ బాధ ఆయనకి పెట్టింది నేనే. అది ఇక దిగదు."

ఆ పలక మీది తప్పులు అప్పుడు గుర్తొచ్చాయి. పక్కవాళ్ళు ఎక్కడ తప్పితే అక్కడే తప్పడం. చదువు రానివాడు అంత జాగ్రత్తగా తప్పులు రాయలేడు. పదేళ్ళుగా పిల్లల పలకలు దిద్దుతున్నదాన్ని, నాకు తట్టలేదు. అతన్ని ఓదార్చాలో, మేష్టారి సమాధి దగ్గరికి వెనక్కి పోయి ఈ మాట చెప్పాలో తెలియక, ఏమీ చేయకుండా ఇంటికొచ్చాను.

సోమవారం బడికి వెళ్ళాను. ప్రార్థన కాగానే వెనక గోడ దగ్గరికి నడిచాను. "తిరగండ్రా" అన్నాను. పిల్లలు అలవాటుగా తిరిగారు. పోయిన వారం పాఠంలోంచి ఒక ప్రశ్న అడిగాను. నా కాళ్ళ దగ్గరున్నవాళ్ళు తలలు వంచుకున్నారు. ఇప్పుడు దూరమైపోయిన వరసలోంచి, బోర్డు పక్కనుంచి, ఒక చెయ్యి లేచింది.

"చెప్పమ్మా" అన్నాను. టకటకా చెప్పింది. నా గుండె కుదుటపడింది. కుదుటపడ్డాక చూసుకున్నాను. నేను లేపింది మా బళ్ళో ఫస్టు వచ్చే పిల్లని.